తీర్పరి పేరు లేని తీర్పు

పరిశోధన వ్యాసాలను అచ్చుకు ముందు సాటి విద్వాంసుల చేత పరీక్ష చేయించడాన్ని విశ్వవిద్యాలయాల వాళ్లు పీర్ రివ్యూ అంటారు. వ్యాసం అందగానే సంపాదకుడు చదువుతాడు. పత్రిక పరిధిలోనిది కాకపోతే అక్కడే తిప్పి పంపుతాడు. తగినదనుకుంటే రచయిత పేరు తీసేసి, ఆ విషయం తెలిసిన ఇద్దరికి పంపుతాడు. రాసిందెవరో పరీక్షకుడికి తెలియదు, పరీక్షించిందెవరో రచయితకు తెలియదు. వేయవచ్చు, సవరిస్తే వేయవచ్చు, వేయరాదు అని వాళ్లు అభిప్రాయం చెబుతారు. చివరి నిర్ణయం సంపాదకుడిది.

ఇదంతా పండితుల గుత్తాధిపత్యమని కొట్టిపారేసే మిత్రులతో నేను ఏకీభవించలేను. 1996లో అమెరికాలో 'సోషల్ టెక్స్ట్' అనే వామపక్ష సాంస్కృతిక పత్రిక, అలన్ సోకల్ అనే భౌతికశాస్త్రవేత్త కావాలని అర్థరహితంగా రాసిన వ్యాసాన్ని అచ్చువేసింది. ఆ పత్రికకు అప్పట్లో బయటి పరీక్షకులు లేరు. ఒక్క భౌతికశాస్త్రజ్ఞుడికి చూపినా గుట్టు బయటపడేది. మన పరిభాష వాడినంత మాత్రాన వ్యాసం మంచిదైపోదు. ఈ పాఠం మనకూ అవసరమే.

అయితే మన దేశంలో ఈ పరీక్ష ఎవరి అవసరాలకు లోబడి నడుస్తున్నది? ఉద్యోగాలూ పదోన్నతులూ అచ్చయిన వ్యాసాల లెక్కకు ముడిపడ్డాక, డబ్బు తీసుకుని వ్యాసం వేసే పత్రికలు పుట్టుకొచ్చాయి. అట్ట మీద పీర్ రివ్యూ అన్న ముద్ర ఉంటుంది, లోపల పరీక్షించినవాడు ఉండడు. 2018 మేలో యు.జి.సి. తన ఆమోదిత జాబితా నుంచి 4,305 పత్రికలను తొలగించింది. తర్వాత తెచ్చిన కేర్ జాబితాను కూడా నిలిపివేసినట్టు 2025 ఫిబ్రవరిలో ప్రకటించింది. జాబితాలు మారినా, విద్యను సరుకుగా మార్చిన వ్యవస్థ మారలేదు.

నిజంగా పరీక్ష జరిగిన చోట కూడా ఒక చిక్కుంది. మా అనకాపల్లి పక్కనే ఉన్న తుమ్మపాల రావిశాస్త్రి గారి స్వగ్రామం. ఆయన 'ఆరు సారా కథలు'లోని కోర్టు భాష మీద నేనొక వ్యాసం రాసి ఒక పత్రికకు పంపాను. మొదటి పరీక్షకుడు ఒక్క వాక్యం రాశాడు: పరిశోధన ప్రమాణాలు లేవని. ఏ ప్రమాణాలో చెప్పలేదు. రెండో పరీక్షకుడు రెండు పేజీలు రాశాడు. పోలీసు మాటా, ప్లీడరు మాటా, సారా అమ్మే మనిషి మాటా కలిపి ఉత్తరాంధ్ర మాండలికం అని ఎలా అంటారు, వాళ్ల మధ్య ఉన్న వర్గభేదం భాషలో లేదా అని నిలదీశాడు. వర్గదృష్టి గురించి బడిలోనూ సభల్లోనూ మాట్లాడే నాకు ఆ ప్రశ్న తట్టకపోవడం సిగ్గనిపించింది. వ్యాసం తిరిగి వచ్చింది. మొదటివాడితో వాదించడానికి వీలులేదు, రెండోవాడికి కృతజ్ఞత చెప్పుకోవడానికీ వీలులేదు. ఆ రెండు పేజీలు ఏ విద్యార్థి కంటా పడలేదు.

దీనికి భిన్నమైన సంప్రదాయం మనకుంది. ఇప్పుడు మా జిల్లాలో ఉన్న రాయవరంలో పుట్టిన గురజాడ, మద్రాసు విశ్వవిద్యాలయం తెలుగు రచన ఉపసంఘంలో ఉండి, గ్రాంథికానికి మొగ్గిన నివేదికతో విభేదించి తన అసమ్మతి పత్రం రాశారు. 1914లో అది ఆయన పేరుతోనే అచ్చయింది. ఆనాడు చెల్లింది అధిక సంఖ్యాకుల మాటే. కానీ వాదం అచ్చులో ఉంది గనుక తర్వాతి తరాలు చదివి తీర్పు చెప్పగలిగాయి.

పరీక్షకుడి పేరు దాచడంలో న్యాయం లేకపోలేదు. పెద్ద ఆచార్యుడి వ్యాసాన్ని చిన్న ఉపాధ్యాయుడు నిర్భయంగా తప్పుపట్టాలంటే ఆ చాటు కావాలి. పేరు దాచండి, కారణాలు దాచకండి. అచ్చయిన వ్యాసం పక్కనే పరీక్షకుల అభిప్రాయాలూ రచయిత జవాబూ అచ్చువేయండి. తిప్పి పంపిన వ్యాసానికి కారణాలు పూర్తిగా రాసి పంపండి.

ఈ మాట విశ్వవిద్యాలయాలకు చెప్పే ముందు మనకు మనం చెప్పుకోవాలి. మన సంఘాల పత్రికల్లో తిరిగి వెళ్లే కథలతో పాటు ఎన్నిటికి కారణాలు వెళుతున్నాయి?