కొమ్మలు కలిసే వంశవృక్షం

అనంతపురం, చిత్తూరు వైపు నుంచి రెండు మూడు తరాల కిందట వచ్చి బెంగళూరులో స్థిరపడిన తెలుగు కుటుంబాల పిల్లలు సొంత ఊరిని సెలవుల్లో మాత్రమే చూస్తారు గనుక, ఎవరు ఎవరికి ఏమవుతారో నేర్పే బాధ్యత చాలావరకు హాలులోని గోడ మీద పడింది. బంధువుల ఫొటోలను తరాల వారీగా అమర్చి, మధ్య గీతలు కలిపే వంశవృక్షాలను ఇళ్లలో తయారు చేసుకోవడం అందుకే ఒక అలవాటుగా మారుతున్నది.

వంశాన్ని గుర్తుంచుకోవడమే వృత్తిగా గలవారు ఈ ప్రాంతంలో ఏనాటి నుంచో ఉన్నారు. కర్ణాటకలో హెళవలు, తెలుగు నేల మీద వంశరాజులని కూడా పిలిచే పిచ్చుగుంట్లవారు తమకు ఆశ్రయమిచ్చిన కుటుంబాల వంశావళులను తరతరాలుగా భద్రపరచి, ఆ ఇళ్ల గడపకు వచ్చి పెద్దల పేర్లను వరుసగా వినిపించి ధాన్యమో కానుకో పుచ్చుకునేవారు. గోడ మీది వంశవృక్షానికీ దగ్గరలోనే పూర్వరూపం ఉంది: మూడవ కృష్ణరాజ ఒడెయరు 1861లో మైసూరులో కట్టించిన జగన్మోహన ప్యాలెస్‌లో రాజవంశ క్రమాన్ని తామరపువ్వు రూపంలో చూపే ‘సంతానాంబుజం’ అనే చిత్రం గోడకే ఉంది.

నేడు దుకాణాల్లో దొరికే చెట్టు స్టిక్కర్లలో కొమ్మలు పైకి పోయేకొద్దీ విడిపోతూనే ఉంటాయి. మేనరికాలున్న కుటుంబంలో అవి మళ్లీ కలుస్తాయి. మేనబావను చేసుకున్న మరదలి పిల్లలకు ముత్తాతలు, ముత్తవ్వలు కలిపి ఎనిమిది మంది ఉండవలసిన చోట ఆరుగురే ఉంటారు. మేనమామ మేనకోడలిని పెళ్లాడిన ఇంట్లో చిక్కు ఇంకా ఎక్కువ: ఆమె ఒకే ముసలావిడకు మనవరాలూ కోడలూ కావడం వల్ల రెండు తరాల వరుసల్లోనూ చోటు కావలసి వస్తుంది. ఒకే ఫొటోను రెండు ప్రతులు తీసి రెండు చోట్లా అతికిస్తే పిల్లలు ఆమెను ఇద్దరు మనుషులనుకుంటారు. భర్త పక్కన ఒక్క ఫొటోనే ఉంచి, ఆమె పుట్టింటి నుంచి వచ్చే గీతను అక్కడికే తిప్పి కలపడమే సరైన పద్ధతి. చూడడానికి అందం కొంత తగ్గినా, ఆ కుటుంబం నిజంగా ఉన్న తీరు అదే కాబట్టి స్టిక్కరును పక్కన పెట్టి, పెద్ద కాగితం మీద పెన్సిలుతో ముందు ఈ గీతలన్నీ తేల్చుకోవాలి.

అసలు ఇబ్బంది స్త్రీల దగ్గర వస్తుంది. పరదాలో ఉండే స్త్రీల కోసం ఫొటోగ్రాఫరు లాలా దీన్ దయాళ్ 1892లో హైదరాబాదులో ప్రత్యేకంగా జనానా స్టూడియో తెరవవలసి వచ్చిందంటే, అంత స్తోమత లేని ఇళ్లలో ముత్తవ్వల ముఖాలు ఎందుకు మిగల్లేదో ఊహించవచ్చు. అలాంటివారి చోట మరొకరి బొమ్మనో, కంప్యూటరు కల్పించిన ముఖాన్నో పెట్టడం అన్యాయం. ఫ్రేమును ఖాళీగా ఉంచి అందులో పేరు, పుట్టింటి ఇంటిపేరు, పుట్టిన ఊరు రాయడం మేలు. పేరు కూడా తెలియకపోతే ఇంకా బతికి ఉన్న పెద్దలను ఇప్పుడే అడగాలి, ఆ పని వాయిదా వేయదగినది కాదు.

కొన్ని పెళ్లి గ్రూప్ ఫొటోల్లో ముత్తవ్వ ముఖం వేలిగోరంత ఉంటుంది. దానిని 1200 డీపీఐ వద్ద, అంటే అంగుళానికి 1200 చుక్కల చొప్పున స్కాన్ చేస్తే, అర అంగుళం ముఖాన్ని అంగుళానికి 300 చుక్కలతో రెండు అంగుళాల మేర ముద్రించవచ్చు. పాత ఫొటో ఫ్రేములోని అద్దానికి అతుక్కుపోయి ఉంటే లాగకూడదు; తేమకు ఫొటో పైపొరలోని జెలటిన్ మెత్తబడి అద్దాన్ని పట్టుకుంటుంది, లాగితే ముఖమే ఊడి అద్దానికి మిగిలిపోతుంది. అద్దంతో సహా స్కాన్ చేసి, అసలును అలాగే దాచడం క్షేమం. కొత్త ఫ్రేములో ఫొటో అద్దానికి తగలకుండా చుట్టూ ఆమ్లం లేని మందపాటి అట్ట, అంటే మౌంటు, పెట్టించాలి. ఎండ నేరుగా పడే గోడ రంగు ఫొటోలకు పనికిరాదు.

తెలుగు ఇళ్లలో బొట్టు పెట్టి దండ వేసిన ఫొటో అంటే ఆ మనిషి లేరని అర్థం గనుక, బతికున్న మనవడిని గతించిన తాత పక్కన గోడకెక్కించడానికి పెద్దవాళ్లు వెనకాడతారు. ఆ సంకోచాన్ని కొట్టిపారేయనక్కరలేదు: దండలను, బొట్లను పూజగది ఫొటోలకు ఉంచి, ఈ గోడ మీద పేరు కింద సంవత్సరాలు మాత్రమే రాస్తే చాలామంది ఒప్పుకుంటారు. పేర్లను తెలుగుతో పాటు కన్నడంలోనో ఇంగ్లీషులోనో కూడా రాయించాలి, ఎందుకంటే ఈ నగరంలో పెరిగే మనవళ్లలో చాలామంది తెలుగు మాట్లాడగలరు గానీ చదవలేరు.