పటం ఒకచోట, పాట మరొకచోట

ప్రదర్శన అనే మాటకు రెండర్థాలున్నాయి. బొమ్మను గోడకు తగిలించి చూపడం ఒకటి. మనిషి పదిమంది ముందు నిలబడి ఆడి పాడి చూపడం రెండోది. మన చిన్న పట్టణాల్లో ఎండాకాలం సెలవుల్లో జరిగే ఎగ్జిబిషన్లు ఈ రెండింటినీ ఒకే మైదానంలోకి తెచ్చాయి. తెచ్చి, ఒకదానికొకటి కనపడకుండా పెట్టాయి. ఆ దూరాన్ని గురించే ఈ వ్యాసం.

నేను పనిచేస్తున్న పట్టణంలో మూడేళ్లుగా మే నెల ఆదివారాల్లో కాలేజీ మైదానంలో ఇలాంటి ఎగ్జిబిషన్ జరుగుతున్నది. రంగులరాట్నం, మిరపకాయ బజ్జీలు, ప్లాస్టిక్ సామాన్ల దుకాణాలు. వాటి పక్కన స్థానిక చిత్రకారులకు ఒక వరస రేకుల స్టాళ్లు. మైదానం ఆ చివర పాటగాళ్లకూ వాద్యగాళ్లకూ ఒక వేదిక. ద్వారం మీద 'స్థానిక కళలకు ప్రోత్సాహం' అని రాసి ఉంటుంది. ప్రోత్సాహమంటే ఏమిటో ఎవరూ నిర్వచించరు. నిర్వచించకుండా వదిలేసిన మాటలనే విమర్శకుడు ముందుగా పట్టుకోవాలి.

మొదట చిత్రకారుల సంగతి. ఒక స్టాలులో, ముప్ఫై ఏళ్లు బోర్డులు రాసి బతికిన ఒకాయన కాన్వాసు మీద వేసిన కొండలూ జలపాతాలూ పెట్టాడు. నిజం చెప్పాలంటే అవి క్యాలెండర్ బొమ్మలకు నకళ్లు. బాగున్నాయని పొగడ్డం ఆయనకు మేలు చెయ్యదు. కాని అదే మనిషి ఒకప్పుడు ఈ పట్టణంలో కిరాణా దుకాణాలకూ, సినిమా హాళ్లకూ, బడులకూ, సంఘాల గోడలకూ రాసిన అక్షరాలు నాకు గుర్తున్నాయి. ఆ తలకట్లలోని వంపు, కొమ్ముల్లోని ఒడుపు ఏ అచ్చులోనూ లేవు. 2000 తర్వాత ఫ్లెక్సీలు వచ్చి ఆ పనిని మింగేశాయి. ఆ అక్షరాలను స్టాలులో పెట్టాలని ఆయనకూ తోచలేదు, నిర్వాహకులకూ తోచలేదు. కూలికి చేసింది కళ కాదనీ, తీరికగా వేసింది మాత్రమే కళ అనీ ఇద్దరూ నమ్మారు. ఈ నమ్మకం ఆయన సొంతం కాదు. మనం పాఠాల్లో, సభల్లో కళను శ్రమకు ఎదురుగా నిలబెట్టి మాట్లాడుతూ వచ్చాం. అదే ఆయనకూ చేరింది.

ఆ పక్క స్టాలులో చేర్యాల పటాలు. అసలు విషయం ఇక్కడుంది. ఇవాళ ఈ పటాన్ని గోడకు తగిలించే బొమ్మగా చూస్తున్నాం. పుట్టుకలో అది బొమ్మ కాదు, కథ చెప్పే సాధనం. నూలు గుడ్డకు చింతగింజల గంజీ, సుద్దా, బంకా పట్టించి, ఎర్రని నేల మీద వరసలు వరసలుగా కథంతా రాసేవారు. గజం వెడల్పున పదుల అడుగుల పొడవు సాగేది. రాసేవారు నకాషీలు. రాయించుకునేవారు కథకులు. పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పే కూనపులివారు, గౌండ్లకు గౌడ పురాణం చెప్పే గౌడజెట్టివారు, మాదిగలకు జాంబపురాణం చెప్పే డక్కలివారు పటాన్ని విప్పుతూ, పుల్లతో బొమ్మను చూపుతూ పాడేవారు. పటం పాతబడితే ఏటిలో కలిపి కొత్తది రాయించుకునేవారు. దాచిపెట్టి చూసుకోవడానికి కాదు, వాడుకోవడానికి పుట్టిన కళ అది. పాట లేకుండా దానికి అర్థం లేదు.

రెండో ఏడాది ఒక ఆదివారం సాయంత్రం ఆ స్టాలులో పటం వేలాడుతున్నది, ధర చీటీతో. సరిగ్గా అదే వేళకు వేదిక మీద ఒక డక్కలి వృద్ధుడు కిన్నెర పట్టుకుని జాంబపురాణం అందుకున్నాడు, చేతిలో పటం లేకుండా. మధ్య దూరం రెండు వందల అడుగులు ఉంటుందేమో. పటం చూసేవాళ్లకు పాట వినపడలేదు, రంగులరాట్నం రొద వల్ల. పాట వినేవాళ్లకు పటం కనపడలేదు.

దీనికి ఒక అభ్యంతరం రావచ్చు. ఆ పాత వ్యవస్థ అంత గొప్పదా? కాదు. కథకుడు ఒక కులానికి ఆశ్రితుడు. ఊళ్ల మీద అతనికున్న మిరాసీ హక్కుకు మరో పేరు యాచన. డక్కలివారిని అంటరానివారిలోనే అంటరానివారుగా ఉంచిన వ్యవస్థ అది. దాన్ని తలుచుకుని కన్నీళ్లు పెట్టడం అభ్యుదయం కాదు. ఎగ్జిబిషన్లో పటం కొనేవాడు కులం అడగడు, డబ్బిచ్చి కొనుక్కుపోతాడు. ఇది చిత్రకారుడికి నిజమైన విడుదలే. ఒప్పుకోవాలి.

అయితే ఆ విడుదల ఎవరికి దక్కిందో కూడా చూడాలి. పటాన్ని కత్తిరించి చిన్న బొమ్మ చెయ్యవచ్చు, చట్రం కట్టవచ్చు, సంచిలో పెట్టి అమ్మవచ్చు. పాటను అట్లా కత్తిరించి అమ్మలేం. అది పాడే మనిషి గొంతులోనూ, వినే సమూహం జ్ఞాపకంలోనూ ఉంటుంది. అందుకే మార్కెట్ చిత్రకారుణ్ణి బతికించి, గాయకుణ్ణి వదిలేసింది. నిమ్మలకుంట తోలుబొమ్మలదీ ఇదే కథ. బొమ్మలు చేసిన చేతులు ఇప్పుడు దీపాలకు తోలు గొడుగులు చేస్తున్నాయి. చెయ్యి బతికింది, ఆట సన్నగిల్లింది. 2022లో కిన్నెర మొగులయ్యకు పద్మశ్రీ ఇచ్చారు. సంతోషమే. కాని బిరుదు ఒక మనిషికి అందుతుంది. పాటకు కావలసింది వినే ఊరు.

ఇక వేదిక. సినిమా పాటల ఆర్కెస్ట్రాను వెక్కిరించడం నాకిష్టం లేదు. పెళ్లి బ్యాండులో క్లారినెట్ వాయించే కుర్రవాడొకడు సినిమా పాట మధ్యలో వరస వదిలి పది నిమిషాలు తన ఊహతో వాయిస్తే, బజ్జీలు తినేవాళ్లు కూడా నమలడం ఆపారు. ప్రతిభకు కొరత లేదు. కొరత సమయానిది, గౌరవానిది. బుర్రకథ దళానికి ఇరవై నిమిషాలిచ్చారు. ప్రధాన కథకుడూ, హాస్యం చెప్పే వంతా, రాజకీయం చెప్పే వంతా కలిస్తే బుర్రకథ. టైము చాలదు కాబట్టి హాస్యం ఉంచుకుని రాజకీయం తగ్గించుకోమన్నారు. జంగం కథను తీసుకుని 1943లో ఏర్పడిన ప్రజానాట్యమండలి ఎంత పదును పెట్టిందో, షేక్ నాజర్ ఆ రూపాన్ని ఏ స్థాయికి తీసుకుపోయాడో మనకు తెలుసు. ఆ పదునే ఇరవై నిమిషాల్లో మొదట రాలిపోయింది.

ఇక్కడ ఒక మాట దాచకూడదు. ఆ ఇరవై నిమిషాల లెక్క వేసిన కమిటీలో నేనూ ఉన్నాను. కార్యక్రమాల పట్టిక నా చేతి రాతే. తప్పు నాకు ఒక్క ఎగ్జిబిషన్లోనే జరిగి ఉంటే ఈ వ్యాసం అవసరం లేదు. మన సాహిత్య సభల్లో ఏం చేస్తున్నాం? వక్తలు వచ్చేదాకా జనాన్ని కూర్చోబెట్టడానికి గాయకుణ్ణి పిలుస్తాం. ముఖ్య అతిథి కారు దిగగానే పాట ఆపమని చీటీ పంపుతాం. తర్వాత ప్రజాకళల మీద గంటన్నర మాట్లాడతాం.

తప్పు దిద్దుకుందామని మూడో ఏడాది ఒక ప్రయత్నం చేశాను. స్టాలులోని పటాన్ని వేదిక మీదికి తెప్పించి, ఆ డక్కలి వృద్ధుణ్ణి దాని పక్కన నిలబెట్టాను. ఆయన పటాన్ని కిందా మీదా చూశాడు. చూసి అన్నాడు: “గిది మా పటం గాదు సారూ. గీ బొమ్మలకు మా కత అతకది.” నిజమే. అందులో ఉన్నవి కల్లు గీసేవాళ్లు, నాట్లు వేసే ఆడవాళ్లు, బోనాలు. కొనేవాళ్ల గోడలకు సరిపోయే ఊరి దృశ్యాలు. జాంబవంతుడి కథ అందులో లేదు. ఆ కథ రాయించుకున్న పటం ఆయన తండ్రి కాలంలోనే చినిగిపోయిందట. మళ్లీ రాయించుకునే తాహతు లేకపోయింది.

నాకు కనువిప్పు అక్కడ కలిగింది. పటాన్నీ పాటనూ పక్కపక్కన పెట్టినంత మాత్రాన అవి కలవవు. వాటిని కలిపింది స్థలం కాదు, రాయించుకునే సంబంధం. ఆ సంబంధంలోని కులాన్ని తొలగించాలి. సంబంధాన్నే తొలగించకూడదు. ఈ రెండింటినీ వేరుచేసి చూడలేకపోవడం వల్లనే మనం ఒకసారి పాతదాన్ని మొత్తంగా పొగుడుతున్నాం, ఇంకోసారి మొత్తంగా పారేస్తున్నాం.

కాబట్టి నా సూచన చిన్నది. వచ్చే ఎండాకాలం ద్వారానికి కట్టే అట్టల గోపురం మానేద్దాం. ఆ డబ్బుతో ఒక పటం రాయిద్దాం. ఏ కథ రాయాలో పాడే మనిషి చెప్పాలి, చిత్రకారుడు ఆయన ఎదుట కూర్చుని విని రాయాలి. పటం గాయకుడి సొంతం కావాలి, కమిటీది కాదు. వేదిక మీద ఆ రాత్రికి వేరే అంశం పెట్టవద్దు. ఆయన ఆపినప్పుడే కథ ఆగాలి. ముఖ్య అతిథి ఎవరైనా వస్తే కింద కూర్చుని వింటారు.

ఈ మాటలు కమిటీకి కూడా రాసి ఇచ్చాను. జవాబు ఇంకా రాలేదు. ఈలోగా ఆ వృద్ధుడి దగ్గరికి పోయి, ఆయనకు గుర్తున్నంత మేరకు కథను రాసుకుంటున్నాను. పటం రాసేనాటికి ఆయన ఉండకపోతే, ఏ బొమ్మ తర్వాత ఏ బొమ్మ రావాలో చెప్పగలవాళ్లు మా ప్రాంతంలో నాకు మరొకరు తెలియదు.