బటన్ కన్నా ముందే లోడ్

అమీర్‌పేటలో డాట్‌నెట్ నేర్చుకున్నవాళ్లను నిద్రలేపి అడిగినా గుక్కతిప్పుకోకుండా చెప్పేస్తారు: ప్రీఇనిట్, ఇనిట్, లోడ్, కంట్రోల్ ఈవెంట్లు, ప్రీరెండర్, రెండర్, అన్‌లోడ్. ఏఎస్‌పీ డాట్‌నెట్ వెబ్ ఫారమ్స్ 2002లో వచ్చింది. దాని పేజీ లైఫ్‌సైకిల్‌లోని ఈ వరుసను అడగని ఇంటర్వ్యూ ఒకప్పుడు అరుదుగా ఉండేది. ఇంత కంఠతా వచ్చినవాళ్లు కూడా సీట్లో కూర్చున్నాక తడబడుతుంటారు. వరుస నేర్పినవాళ్లు దాని వెనకున్న సంగతి చెప్పకపోవడమే కారణమని నా నమ్మకం. బ్రౌజర్ అడిగిన ప్రతిసారీ సర్వర్‌లో పేజీ ఆబ్జెక్టు కొత్తగా పుడుతుంది, హెచ్‌టీఎంఎల్ పంపేశాక పోతుంది. మనం బటన్ నొక్కే వేళకు ఇందాకటి పేజీ అక్కడ లేనే లేదు.

మా టీమ్‌లో కొత్తగా చేరిన కుర్రాడు జిల్లాల డ్రాప్‌డౌన్‌ను పేజీ లోడ్‌లో నింపాడు. గుంటూరు ఎంచుకుని సేవ్ కొడితే డేటాబేస్‌లో అనంతపురం పడుతోంది. పాపం, సాయంత్రం దాకా క్వెరీనే అనుమానించాడు. క్వెరీలో తప్పేమీ లేదు. బటన్ నొక్కగానే కొత్త పేజీ పుట్టింది. వ్యూస్టేట్ నుంచి పాత జాబితా, బ్రౌజర్ పంపిన డేటా నుంచి గుంటూరు, రెండూ లోడ్ కన్నా ముందే వచ్చి కూర్చున్నాయి. ఆ తర్వాత లోడ్ నడిచి జాబితాను మళ్లీ మొదటినుంచి నింపింది, ఎంపిక చెరిగిపోయింది. క్లిక్ ఈవెంట్ వంతు వచ్చేసరికి మిగిలింది జాబితాలో మొదటి పేరే. ఈజ్‌పోస్ట్‌బ్యాక్ చూసి మొదటిసారి మాత్రమే నింపితే సరిపోయేది.

ఇంతకన్నా నన్ను బాధపెట్టేది ప్రీరెండర్‌ను ఎవరూ పట్టించుకోకపోవడం. బుట్టలో ఒక వస్తువు తీసేస్తే మొత్తం మాత్రం పాతదే కనిపిస్తుందనే ఫిర్యాదు ఎన్ని చోట్ల విన్నానో! లోడ్‌లో లెక్క వేశారు, వస్తువు తీసేసింది ఆ తర్వాత వచ్చే క్లిక్‌లో. ఈవెంట్లన్నీ అయిపోయాక, హెచ్‌టీఎంఎల్ తయారుకాక ముందు, చివరి మాట చెప్పుకునే చోటు ప్రీరెండర్. తెరమీద చూపే మొత్తాలన్నీ అక్కడే వేయాలి. అప్పటికప్పుడు కోడ్‌తో పుట్టించే టెక్స్ట్‌బాక్సులదీ ఇదే కథ: పేజీ పుట్టిన ప్రతిసారీ వాటినీ ఇనిట్‌లోనే మళ్లీ పుట్టించాలి.

2016లో వచ్చిన ఏఎస్‌పీ డాట్‌నెట్ కోర్‌లో వెబ్ ఫారమ్స్ లేదు. పాత అప్లికేషన్లు మాత్రం ఆఫీసుల్లో ఇంకా నడుస్తున్నాయి, వాటిని చూసుకునే పని తరచుగా జూనియర్లకే పడుతుంది. వాళ్లకు నేను పుస్తకం ఇవ్వను. పేజీ డైరెక్టివ్‌లో ట్రేస్‌ను ట్రూ చేయమంటాను. పేజీ అడుగున ప్రతి దశా ఎప్పుడు మొదలైందో, ఎప్పుడు ముగిసిందో సెకన్లతో సహా వస్తుంది. మొదటిసారి తెరిచినప్పటి పట్టికనూ బటన్ నొక్కాక వచ్చిన పట్టికనూ పక్కపక్కన పెట్టి చూడమంటాను. రెండోదాంట్లో ఇనిట్‌కూ లోడ్‌కూ మధ్య లోడ్‌స్టేట్, ప్రాసెస్‌పోస్ట్‌డేటా అని అదనపు వరుసలుంటాయి. కుర్రాడి గుంటూరు వచ్చి కూర్చున్నది అక్కడే.