కథ ఎక్కడ ఆగింది? – భారీ సినిమాలు, రాజకీయం, అభిమాని అసంతృప్తి

లక్ష్యాలు

ఈ పాఠ్యభాగం చదివిన తరవాత మీరు:
• అభిమాని అసంతృప్తిని ఒక విమర్శగా చదవగలుగుతారు.
• "రాజకీయం ఎక్కువైంది", "కథ కుదరలేదు" అన్న రెండు ఫిర్యాదుల మధ్య సంబంధాన్ని వివరించగలుగుతారు.
• మీరు చూసిన సినిమాను ఇదే పద్ధతిలో పరిశీలించి వ్యాసం రాయగలుగుతారు.

1. పరిచయం

కవిటి నుంచి పెద్ద సినిమా మొదటి ఆటకు వెళ్ళేవాళ్ళు సోంపేటకో, ఇచ్ఛాపురానికో, పలాసకో బయలుదేరతారు. వెళ్ళేటప్పుడు అందరిదీ ఒకటే ఉత్సాహం. తిరిగి వచ్చేటప్పుడు మాత్రం వాదన మొదలవుతుంది. ఆ వాదనలో తరచుగా వినిపించే మాటలు రెండు. ఒకటి: "అక్కర్లేకుండా రాజకీయం దూర్చినాడు." రెండోది: "కథ సగంలో ఒగ్గేసినాడు."

మొదటి మాట సినిమాలోని భావాలకు, రెండోది కథన నిర్మాణానికి సంబంధించినవని సాధారణంగా అనుకుంటాం. కానీ ఇటీవలి తెలుగు సినిమాలను దగ్గరగా చూస్తే ఈ రెండూ ఒకే చోట కలుస్తాయి. కథను ఎక్కడ మొదలుపెట్టాలి, ఎక్కడ ఆపాలి అనేది కథన నిర్ణయమే. అది రాజకీయ నిర్ణయం కూడా. ఈ పాఠ్యభాగంలో ఆ సంగతిని ఉదాహరణలతో పరిశీలిద్దాం.

2. అభిమాని అడిగేది ఏమిటి?

అభిమానం అంటే గుడ్డి భక్తి అని చాలామంది కొట్టిపారేస్తారు. తెలుగు అభిమాన సంఘాలపై విస్తృతంగా పరిశోధించిన ఎస్.వి. శ్రీనివాస్ ఈ అభిప్రాయాన్ని అంగీకరించలేదు. చిరంజీవి అభిమానుల గురించి ఆయన రాసిన 'మెగాస్టార్' అనే ఆంగ్ల గ్రంథం 2009లో వెలువడింది. అభిమాని విధేయతకు షరతులుంటాయని, తన నటుడు ఎలా ఉండాలో అభిమాని పట్టుబడతాడని ఆయన చూపించారు. అందువల్ల అభిమాని నిరాశను విమర్శకు తొలి రూపంగా తీసుకోవచ్చు.

మరి తెలుగు అభిమానికి సినిమాలో రాజకీయం అసలే పడదా? చరిత్ర అలా చెప్పడం లేదు. 'సర్దార్ పాపారాయుడు' (1980), 'బొబ్బిలి పులి' (1982) నిండా రాజకీయమే. వాటిని ప్రేక్షకులు నెత్తిన పెట్టుకున్నారు. 'బొబ్బిలి పులి' న్యాయస్థాన ఘట్టంలో నాయకుడు వ్యవస్థనే బోనులో నిలబెడతాడు. అయినా అది ఉపన్యాసంలా అనిపించదు. సరిహద్దులో పనిచేసి ఊరికి వచ్చిన సైనికుడు ఇక్కడ చూసిన అన్యాయం నుంచే ఆ మాటలు పుట్టాయి. ప్రేక్షకుడు అడిగేది ఈ పుట్టుకనే. పాత్ర అనుభవం నుంచి వచ్చిన రాజకీయాన్ని అతను కథగా స్వీకరిస్తాడు. నటుడి అవసరం కోసం వచ్చినదాన్ని "దూర్చినాడు" అంటాడు.

3. సగంలో ఆగిన కథలు

'బాహుబలి' మొదటి భాగం 2015 జులై 10న, రెండో భాగం 2017 ఏప్రిల్ 28న విడుదలయ్యాయి. కట్టప్ప ఎందుకు చంపాడన్న ప్రశ్నతో రెండేళ్ళు గడిచినా ప్రేక్షకుడు మోసపోయానని అనుకోలేదు. మొదటి భాగంలో శివుడి అన్వేషణ ఒక గట్టుకు చేరింది. చెరలో ఉన్న దేవసేన బయటపడింది. కట్టప్ప సింహాసనానికి బానిసగా కట్టుబడి ఉన్నాడని ముందే తెలిసింది. అంటే ప్రశ్నకు పునాది కథలోనే ఉంది. జవాబు కూడా ఆ పునాది మీదే నిలబడింది.

2024 సెప్టెంబరు 27న వచ్చిన 'దేవర' మొదటి భాగం కూడా ఇలాంటి ప్రశ్నతోనే ముగుస్తుంది. తండ్రిని కొడుకే పొడిచాడని చివర్లో తెలుస్తుంది. కానీ ఆ కొడుకు మనసులోకి సినిమా మనల్ని ముందుగా తీసుకువెళ్ళలేదు. ఆశ్చర్యం కోసం దాచిన విషయం చివరికి అప్పుగా మిగిలింది. మొదటి సందర్భంలో ప్రేక్షకుడు ఒక కథ పూర్తిగా తిని రెండో దానికి ఎదురుచూశాడు. రెండో సందర్భంలో విస్తరి ముందు నుంచి సగంలో లేపేసినట్లు అయింది.

4. ఆపిన చోటే అసలు రాజకీయం: ఎన్.టి.ఆర్. చిత్రాలు

కథను ఆపడం రాజకీయం ఎలా అవుతుందో 2019లో వచ్చిన రెండు చిత్రాలు స్పష్టంగా చూపిస్తాయి. ఎన్.టి. రామారావు జీవితంపై క్రిష్ దర్శకత్వంలో 'కథానాయకుడు' జనవరి 9న, 'మహానాయకుడు' ఫిబ్రవరి 22న విడుదలయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో పోలింగు ఏప్రిల్ 11న. తండ్రి పాత్ర ధరించిన బాలకృష్ణ అప్పటికే హిందూపురం శాసనసభ్యుడు.

మొదటి భాగంలో దివిసీమ తుపాను ఘట్టం ఉంది. 1977 నాటి ఆ విపత్తు తరవాత నటులు జోలె పట్టి విరాళాలు సేకరిస్తారు. ఈ సినిమా రావడానికి దాదాపు మూడు నెలల ముందు, 2018 అక్టోబరు 11న, తిత్లీ తుపాను ఉద్దానాన్ని తుడిచిపెట్టింది. కొబ్బరి, జీడి తోటలు నేలకూలాయి. కొత్తగా నాటిన కొబ్బరి మొక్క కాపుకు రావాలంటే ఏళ్ళు పడుతుంది. అలాంటి స్థితిలో ఉన్న ఉద్దానం ప్రేక్షకుడికి ఆ ఘట్టాన్ని ఎవరూ వివరించనక్కరలేదు. అందులోనూ రాజకీయం ఉంది. కానీ ఒక మనిషి కళ్ళముందు జరిగింది అతన్ని జనంలోకి లాగింది. కాబట్టి ఆ ఘట్టం నిలబడింది.

'మహానాయకుడు' అలా కాదు. 1982లో పార్టీ పుట్టుక, 1983 విజయం, 1984 ఆగస్టులో పదవి పోవడం, సెప్టెంబరులో తిరిగి రావడం, అర్ధాంగి బసవతారకం మరణం, అంతటితో కథ ముగుస్తుంది. ఆ తరవాత రామారావు మరో పదకొండేళ్ళకు పైగా బతికారు. 1989లో ఓడిపోయారు. 1994లో గెలిచారు. 1995 ఆగస్టులో సొంత పార్టీలోనే పదవి పోగొట్టుకున్నారు. 1996 జనవరి 18న కన్నుమూశారు. విషాద నాయకుడికి కావలసినంత కథ ఇక్కడే ఉంది. అదే తెర మీదికి రాలేదు.

థియేటరులో కూర్చున్న ప్రతి పెద్దవారికీ ఆ మిగిలిన కథ తెలుసు. 1984లో వెన్నుపోటు పొడిచినవారిని ప్రతినాయకులుగా చూస్తున్నంతసేపూ 1995 గుర్తుకు వస్తూనే ఉంటుంది. తెర మీద లేనిది తెర మీద ఉన్నదాన్ని మింగేసింది. రెండు భాగాలూ ఆశించినంత ఆదరణ పొందకపోవడానికి ఇదొక్కటే కారణమని చెప్పలేం. కానీ కథన లోపం మాత్రం ఇక్కడే ఉంది.

ఆ ఏడాదే మార్చి 29న రాంగోపాల్ వర్మ 'లక్ష్మీస్ ఎన్.టి.ఆర్.' తెలంగాణలో విడుదలైంది. ఆంధ్రప్రదేశ్‌లో న్యాయస్థానం ఆదేశంతో అప్పటికి ఆగింది. అది 1989 ఓటమి తరవాతి కాలంతో మొదలవుతుంది. ఒకరు ఆపిన చోట మరొకరు అందుకున్నారు. రెండు పక్షాలూ ఒకే జీవితాన్ని తమకు పనికివచ్చే చోట కోసుకున్నాయి. ఫిబ్రవరి 8న వచ్చిన 'యాత్ర' కూడా వై.ఎస్. రాజశేఖరరెడ్డి జీవితంలో 2003 పాదయాత్రను ఎంచుకుంది. ఏ పక్షం సినిమా అయినా మనం అడగవలసిన ప్రశ్న ఒకటే: ఈ కత్తెర ఎవరి చేతిలో ఉంది?

5. చరిత్రకు ముందే ఆగిన కథ

2022 మార్చి 25న విడుదలైన 'ఆర్.ఆర్.ఆర్.' మరో రకమైన ఉదాహరణ. అల్లూరి సీతారామరాజు, కొమురం భీం కలిసి ఉంటే ఎలా ఉండేదన్న కల్పన ఇది. కల్పించడం తప్పు కాదు. అయితే ముగింపును గమనించండి. ఏం కావాలని రాముడు అడిగితే భీముడు చదువు కావాలంటాడు. రాముడు జెండా మీద 'జల్, జంగల్, జమీన్' అని రాస్తాడు. చరిత్రలో నైజాం పాలనపై పోరాడి 1940లో జోడేఘాట్‌లో నేలకొరిగిన భీం పేరుతోనే ఆ నినాదం ముడిపడి ఉంది. సినిమాలో అది మరొకరి చేతి రాత అయింది. భీం స్వయంగా తన రాజకీయాన్ని కనుగొన్న జీవితం మొదలవకముందే కథ ఆగిపోయింది. ఆదివాసీ పక్షం నుంచి చదివేవారికి ఈ ముగింపు నొప్పి కలిగించడంలో వింత లేదు.

6. మన తీరం మీద రెండు సినిమాలు

2025 ఫిబ్రవరి 7న వచ్చిన 'తండేల్' శ్రీకాకుళం మత్స్యకారుల కథ. 2018 నవంబరులో గుజరాత్ తీరంలో వేటకు వెళ్ళి పాకిస్తాన్ చేతికి చిక్కినవారిలో చాలామంది 2020 జనవరిలో వాఘా మీదుగా తిరిగి వచ్చారు. ఆ సంఘటనే దీనికి ఆధారం. రాజు కోసం ఒడ్డున ఎదురుచూసే సత్య ఎదురుచూపులో మన పల్లెల నిజం ఉంది. ఏటా నెలల తరబడి మగవాళ్ళు లేని ఊరు ఎలా ఉంటుందో ఈ తీరానికి తెలుసు. కానీ కథ చెరసాలలోకి వెళ్ళాక జెండా, దేశభక్తి సంభాషణలు ముందుకు వస్తాయి. ఇంత పొడవైన తీరం ఇంటి ముందుండగా వీళ్ళు అంత దూరం ఎందుకు వెళ్ళవలసి వచ్చిందన్న ప్రశ్న వెనక్కి జరుగుతుంది. శత్రుదేశాన్ని చూపించినంత సులువుగా వలసను చూపించలేం. ఇక్కడ అసలు రాజకీయం ఆ వలసే.

2020 మార్చిలో వచ్చిన 'పలాస 1978' దీనికి భిన్నం. కరుణకుమార్ తీసిన ఈ చిన్న సినిమాలో పెద్ద నటులు లేరు. పాట, ఆట బతుకుగా ఉన్న అన్నదమ్ములు కులం వల్ల, షావుకార్ల వల్ల కత్తి పట్టే దాకా వెళ్తారు. ఇది పూర్తిగా రాజకీయ చిత్రమే. హింస ఎక్కువైందనో, రెండో సగం సాగిందనో దీనిలో లోపాలు ఎంచవచ్చు. కానీ రాజకీయం దూర్చారని అనలేం. దాన్ని తీసేస్తే ఇక కథే ఉండదు.

7. ఒక జాగ్రత్త

అభిమాని కోపమంతా విమర్శ కాదు. 2020లో 'ఆర్.ఆర్.ఆర్.' ప్రచార చిత్రంలో భీం తలపై టోపీ చూసి కొందరు బెదిరింపులకు దిగారు. ఆ పాత్ర మారువేషంలో ఉందని సినిమా చూశాక తెలిసింది. హాలీవుడ్ 'స్టార్ వార్స్' వరుసలో 2017 చిత్రం నచ్చనివారిలో కొందరు అందులోని ఆసియా మూలాల నటిని వేధించారు. 2019లో వచ్చిన తరవాతి చిత్రంలో ఆమె పాత్ర బాగా తగ్గిపోయింది. ఆ చిత్రం మాత్రం దాని వల్ల మెరుగుపడలేదు. చూడకముందే వచ్చే కోపం, ఒక మనిషి పుట్టుక మీద చూపే కోపం విమర్శ కిందికి రావు. విమర్శ అంటే కథలోని ఒక చోటును వేలుపెట్టి చూపించగలగాలి.

8. సారాంశం

"రాజకీయం దూర్చినాడు", "సగంలో ఒగ్గేసినాడు" అన్న మాటలు రెండూ కథ తన తర్కంతో కాక బయటి అవసరంతో నడిచినప్పుడే పుడతాయి. ఆ అవసరం ఎన్నికది కావచ్చు, రెండో భాగం వసూళ్ళది కావచ్చు. సినిమాను పరిశీలించేటప్పుడు మూడు ప్రశ్నలు వేసుకోండి. ఈ రాజకీయం పాత్ర అనుభవం నుంచి వచ్చిందా? కథ ఎక్కడ ఆగింది, అక్కడ ఆగడం ఎవరికి అనుకూలం? ఆగినందువల్ల ఎవరి జీవితం తెర బయట ఉండిపోయింది? మూడో ప్రశ్నను మరవకండి. బయట ఉండిపోయేది చాలాసార్లు మనలాంటి ఊళ్ళే.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. 'బాహుబలి', 'దేవర' మొదటి భాగాల ముగింపుల మధ్య తేడా ఏమిటి?
2. 'కథానాయకుడు'లో తుపాను ఘట్టం ఎందుకు నిలబడిందని ఈ పాఠ్యభాగం చెబుతుంది?

నమూనా పరీక్ష ప్రశ్నలు

1. కథను ఎక్కడ ఆపాలన్నది రాజకీయ నిర్ణయం కూడా అనే వాదాన్ని 2019 నాటి చిత్రాల ఆధారంగా చర్చించండి.
2. మీ ప్రాంతపు జీవితాన్ని చూపిన ఒక సినిమాను ఎంచుకుని పై మూడు ప్రశ్నలతో విమర్శించండి. ఈ పాఠ్యభాగంలోని అభిప్రాయంతో మీరు ఏకీభవించకపోతే కారణాలు చూపండి.