‘మట్కా’ చలనచిత్రం: జూద నిర్వాహకుడి కథ – పందెగాడి మౌనం

ఉపోద్ఘాతం:
కరుణకుమార్ దర్శకత్వంలో, వరుణ్‌తేజ్ కథానాయకుడిగా 2024 నవంబరు 14న విడుదలైన ‘మట్కా’, జూదాన్ని ఒక నేరవ్యాపారంగా చిత్రించిన తెలుగు చలనచిత్రం. 1958 నుండి 1982 వరకు గల విశాఖపట్నం దీనికి నేపథ్యం. బర్మా నుండి కాందిశీకుడిగా వచ్చిన వాసు బాలనేరస్థుల గృహంలో పెరిగి, పూర్ణామార్కెట్టులో పనికి కుదిరి, బొంబాయిలో చూసిన మట్కాను విశాఖకు తెచ్చి అధిపతి కావడం ఇతివృత్తం. జూదాన్ని ఈ చిత్రం ఎవరి వైపు నుండి చూసింది అన్నది ఇక్కడ పరిశీలనాంశం.

మట్కా – ఆర్థికసూత్రం:
వాసు పాత్రకు మూలంగా చెప్పే రతన్ ఖత్రీ బొంబాయిలో ‘మట్కా కింగ్’గా పేరొందినవాడు. హిందీ చిత్రం ‘ధర్మాత్మ’ (1975)లోని ప్రేమ్‌నాథ్ పాత్రకూ అతడే ప్రేరణ అంటారు. న్యూయార్క్ నుండి వచ్చే పత్తి ధరల అంకెలపై కాసిన పందేలే మట్కాకు తొలిరూపం. 1960ల తొలినాళ్లలో ఆ ధరల ఆధారం పోవడంతో, కుండలోని చీటీలూ ఆపై పేకముక్కలూ వాటి స్థానంలోకి వచ్చాయి. ఒక అంకె తగిలితే రూపాయికి తొమ్మిది రూపాయలు ఇవ్వడం వాడుక. పది అంకెలపై తలా ఒక రూపాయి పడితే నిర్వాహకుడు తొమ్మిది చెల్లించి ఒకటి మిగుల్చుకుంటాడు. అంటే అదృష్టం పందెగాడి విశ్వాసం మాత్రమే, నిర్వాహకుడిది లెక్క.

చట్టదృష్టి:
సికింద్రాబాదులోని క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్ కేసులో సుప్రీంకోర్టు 1967లో రమ్మీని ప్రధానంగా నైపుణ్యంతో కూడిన ఆటగా గుర్తించింది. అయినా ఆట నుండి నిర్వాహకులు లాభం పొందితే అది నేరం కాగలదని స్పష్టం చేసింది. అంటే ఆట స్వభావం ఒక్కటే చాలదు, దానిపై ఎవరు సంపాదిస్తున్నారన్నదీ ప్రశ్నే. ‘మట్కా’ సరిగ్గా ఆ సంపాదించేవాడినే నాయకుడిని చేసింది. ఈ ఎంపిక దోషం కాదు. కానీ అతని లాభం ఎవరి నష్టమో చూపవలసిన బాధ్యత దానివల్ల పెరుగుతుంది.

కథనంలోని లోపం:
కాందిశీకుల జీవనం, రేవుపట్టణపు మార్కెట్టు, అక్కడి ముఠాల ఆధిపత్యం వంటి స్థానికాంశాలు చిత్రానికి బలం. ఆకలి నుండి అధికారం వైపు వాసు నడకకు అవి సామాజిక కారణాన్ని సమకూరుస్తాయి. అయితే మట్కా మొదలైన తరువాత కథాభారమంతా అతని ఎదుగుదలపైనా, శత్రువులపైనా నిలుస్తుంది. తన దినకూలిని అంకెపై ఒడ్డిన శ్రామికుడు సన్నివేశాల్లో గుంపుగానే మిగులుతాడు. కథనానికి కేంద్రం కాడు. ఒకప్పుడు వాసు కూడా ఆ గుంపులోనివాడే. ఈ వైరుధ్యాన్ని చిత్రం తగినంత తవ్వలేదు. అట్టడుగు కళాకారుల కుటుంబం వైపు నిలిచి హింసను విశ్లేషించిన ఇదే దర్శకుని ‘పలాస 1978’ (2020)తో పోల్చినప్పుడు ఈ లోటు మరింత స్పష్టమవుతుంది.

తెలుగు సాహిత్యం జూదాన్ని ఓడినవారి వైపు నుండి చూడడం తొలినుండీ ఉన్నదే. సభాపర్వంలో గెలిచిన శకుని నేర్పు కన్నా, తన్నోడి నన్నోడెనా అన్న ద్రౌపది సందేహమే పాఠకుని వెంటాడుతుంది. పందెంగా ఒడ్డబడిన మనిషే ఆట న్యాయాన్ని నిలదీయడం అక్కడి విశేషం. ‘మట్కా’లో అటువంటి ప్రశ్నకు తగిన గొంతు లభించలేదు. వాసును చట్టం వెంటాడుతుంది గాని, అతని వల్ల నష్టపోయినవారు నిలదీయరు.

ముగింపు:
కుండలోని చీటీ నేడు చరవాణి తెరపైకి చేరింది. తెలంగాణ 2017లో చట్టసవరణ ద్వారా ఆన్‌లైన్ పందేలను నిషేధించగా, 2025లో కేంద్రం ధనంతో కూడిన ఆన్‌లైన్ ఆటలను నిషేధించింది. ఇటువంటి కాలంలో జూదసామ్రాజ్య కథలు వినోదానికే పరిమితం కావు. నిర్వాహకుడి తెలివిని ఎంత ఆసక్తిగా చూపితే, ఆ తెలివికి మూల్యం చెల్లించినవారిని అంత స్పష్టంగా చూపవలసి ఉంటుంది. ‘మట్కా’ మొదటిదానికి ప్రాధాన్యమిచ్చి రెండవదాన్ని నేపథ్యంగా మిగిల్చింది. తెలుగు నేరకథాచిత్రాలలో ఓడినవారి స్థానంపై పరిశోధనకు ఈ చిత్రం ఒక ఆధారం కాగలదు.