జ్వరం విడిచాక

ఆడికృత్తిక నాడు తిరుత్తణి కొండ కింద కాసేపు నిలబడితే చాలు, నగరి, పుత్తూరు, చిత్తూరు వైపుల నుంచి వచ్చే కావళ్లు వరస తెగకుండా సాగుతుంటాయి. పసుపు బట్టలు, పూలకావళ్లు, హరోంహర కేకలు. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి మద్రాసు రాష్ట్రంలో కలిసింది గానీ అంతకుముందు అది చిత్తూరు జిల్లా ఊరే. సుబ్రహ్మణ్యస్వామికి మొక్కుకునేవాళ్లు ఆ సరిహద్దును ఎప్పుడూ పట్టించుకోలేదు. వాళ్లలో ఎవరినైనా పలకరించండి, మొక్కు వెనక చాలాసార్లు ఒక జబ్బు ఉంటుంది. బిడ్డకు టైఫాయిడు తగ్గితేనో, ఇంటాయన ఆపరేషను గండం గడిస్తేనో, తన ప్రాణమే నిలబడితేనో కావడి ఎత్తుతానని మొక్కుకున్నవాళ్లు. కొండకు మెట్లు 365. మంచం దిగిన మనిషికి ఆ మెట్లు తలుచుకోగానే పుట్టే ప్రశ్న ఒకటే: ఎక్కగలనా?

తిరువాలంగాడులో పొద్దున్నే పిల్లలకు పరుగు నేర్పే నాకు ఈ ప్రశ్నతో చాలాకాలంగా పరిచయం. ఆటగాడికి జబ్బు చేసినప్పుడు మందులు, పత్యం, విశ్రాంతి గురించి చెప్పేవాళ్లు ఇంటినిండా ఉంటారు. జ్వరం విడిచాక, మళ్లీ మైదానంలో కాలు పెట్టేదాకా, పెట్టిన తర్వాత కూడా ఆ మనిషి లోపల నడిచే భయం గురించి అడిగేవాళ్లు తక్కువ. అడిగినా "ధైర్యంగా ఉండు" అని భుజం తట్టి వెళ్లిపోతారు.

మా దగ్గర ఎనిమిది వందల మీటర్లు పరిగెత్తే ఒక అమ్మాయి ఉంది. పదో తరగతి. వానాకాలంలో డెంగ్యూ వచ్చింది. ఆసుపత్రిలో సెలైన్, ఇంట్లో అవ్వ కాచిన నేలవేము కషాయం. తమిళనాడులో డెంగ్యూ రోజుల్లో ప్రభుత్వమే పంచిపెట్టే కషాయం అది. నాలుగో రోజు జ్వరం దిగింది. ఆ సాయంత్రమే బూట్లు వేసుకుని మైదానం గట్టు మీదికి వచ్చి నిలబడింది. "జ్వరం లేదు సార్, రెండు రౌండ్లే" అంది. పోటీలు దగ్గర్లో ఉన్నాయి, జట్టులో తన చోటు పోతుందని ఆమె గాబరా. నేను వెంటనే ఇంటికి పంపించేశాను.

డెంగ్యూ సంగతి మన ఇళ్లలో చాలామందికి తెలియదు. జ్వరం మండుతున్నంతసేపూ జాగ్రత్తగా ఉంటారు, దిగగానే గండం గడిచిందనుకుంటారు. అసలు గండం మొదలయ్యేది అప్పుడే. జబ్బు మొదలైన మూడో రోజు నుంచి ఏడో రోజు లోపల, జ్వరం తగ్గుతున్న సమయంలో, రక్తనాళాల నుంచి నీరు బయటికి ఊరుతుంది, ప్లేట్‌లెట్లు పడిపోతాయి. ఆ రెండు మూడు రోజులు కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, మత్తుగా పడి ఉండటం, వీటిలో ఏది కనిపించినా పరుగెత్తాల్సింది ఆసుపత్రికే. ఒళ్లునొప్పులని ఐబుప్రొఫెన్, ఆస్పిరిన్ లాంటివి మింగకూడదు, రక్తస్రావం పెరుగుతుంది. పరుగు పిల్లల సంచుల్లో నొప్పి మాత్రలు మామూలుగా ఉంటాయి కాబట్టి ఇది మరీ మరీ చెబుతున్నాను.

వారాలు గడిచాయి. డాక్టరు సరేనన్నాక నడిపించాం, మెల్లగా జాగింగ్ చేయించాం. మొదటిసారి ఎనిమిది వందలు పూర్తిగా పరిగెత్తమన్న రోజు, రెండో రౌండు మలుపు దగ్గర ఆగి కింద కూర్చుండిపోయింది. పెదాలు ఆరిపోయాయి, చేతులు వణుకుతున్నాయి. "మళ్లీ వచ్చేస్తా ఉంది సార్" అంది. నుదురు పట్టుకుని చూశాను, చల్లగానే ఉంది. మణికట్టు దగ్గర నాడి మాత్రం ఎగిరెగిరి పడుతోంది. వాళ్లమ్మ ఆ సాయంత్రం వచ్చి, "బతికి బట్టకట్టింది, అది చాలు సార్. పరుగులొద్దు, ఏమొద్దు" అంది. ఆమెను తప్పు పట్టలేం. ఆసుపత్రిలో రాత్రుళ్లు ఎవరు మేలుకున్నారో నాకు తెలుసు.

అమ్మాయి గుండె అలా కొట్టుకోవడానికి కారణం జబ్బు తిరగబెట్టడం కాదు, మంచం. 1966లో అమెరికాలోని డాలస్‌లో ఇరవై ఏళ్ల కుర్రాళ్లు ఐదుగురిని మూడు వారాలు మంచం దిగకుండా పడుకోబెట్టి పరీక్షించారు. వాళ్లకు ఏ జబ్బూ లేదు. అయినా ఒళ్లు గరిష్ఠంగా వాడుకోగల ప్రాణవాయువు 27 శాతం దాకా పడిపోయింది. ముప్ఫై ఏళ్ల తర్వాత అదే ఐదుగురిని మళ్లీ పరీక్షిస్తే, ముప్ఫై ఏళ్ల వయసు తీసిన దెబ్బ కన్నా ఆ మూడు వారాల మంచం తీసిన దెబ్బే పెద్దదని తేలింది. మంచం దిగాక వారాల తరబడి వ్యాయామం చేయిస్తే శక్తి తిరిగి వచ్చింది. జ్వరం పడి లేచిన పిల్లకు పాత వేగంలో పరిగెత్తితే గుండె దడదడలాడటం సహజం. ఆ దడ చూసి భయపడుతుంది, భయంతో దడ ఇంకా పెరుగుతుంది, పెరిగిన దడ చూసి జబ్బు మళ్లీ వచ్చిందని నిశ్చయించుకుంటుంది.

ఈ చిక్కుముడిని విప్పడానికి నేను వాడేది ఒక నోటుబుక్కు. పొద్దున కళ్లు తెరిచాక, మంచం దిగకముందే, మణికట్టు మీద రెండు వేళ్లు ఆనించి నాడి చూసుకోవాలి. పదిహేను సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో హెచ్చవేసి రాయాలి. మామూలు కన్నా పది ఎక్కువుంటే ఆ రోజు పరుగు లేదు, నడకే. రాత్రి నిద్ర ఎలా పట్టిందో ఒక మాట. పక్కన ఇంకో గడి: భయం ఎంత? సున్నా నుంచి పది దాకా ఒక అంకె. మొదట్లో పిల్లలు ఆ గడి ఖాళీగా వదిలేస్తారు, సిగ్గు. వదలకుండా అడగాలి. ఈ అమ్మాయి పుస్తకంలో రెండో వారానికి నాడి దారికొచ్చింది, భయం ఎనిమిది దగ్గరే ఆగిపోయింది. ఒళ్లు కోలుకుంది, మనసు ఇంకా లేదని కాగితం మీద కనిపించింది. రెండూ ఒకే రోజు కోలుకోవాలని ఎక్కడా రాసిపెట్టి లేదు.

తర్వాత ఆ మలుపు దగ్గరే పనిచేశాం. ఆమె ఆగిపోయిన చోట మొదట నడిచింది. నాతో మాట్లాడుతూ జాగింగ్ చేసింది. మాట తెగకుండా వస్తున్నంతవరకూ వేగం సరిగ్గా ఉన్నట్టే. ఆపైన రెండు వందల మీటర్ల దూరం నుంచి కొంచెం గట్టిగా పరిగెత్తుకొచ్చి ఆ మలుపు దాటి ఆగడం. కాళ్లలో మంట మొదలైనప్పుడు అది ఎక్కడ, ఎలా ఉందో పైకి చెప్పమనేవాణ్ని. ఒకరోజు తొడలు పట్టుకుని వంగి, ఊపిరి అందకుండానే నవ్వుతూ, "ఇది జ్వరం నొప్పి కాదు సార్, పరుగు నొప్పి" అంది. ఆనాడు పుస్తకంలో భయం గడిలో నాలుగు వేసింది. ఇన్నేళ్లలో నేను విన్న మంచి మాటల్లో ఆ 'పరుగు నొప్పి' మాట ఒకటి.

ప్రతి భయాన్నీ ఇలా బుజ్జగించి పంపించెయ్యమని నేను అనడం లేదు. కొన్నిసార్లు భయం చెప్పేది నిజం. వైరల్ జ్వరం ఒంట్లో ఉండగా గట్టిగా వ్యాయామం చేస్తే గుండె కండరం వాచే ప్రమాదం ఉంది. అలా వాచినవాళ్లను నెలల తరబడి పోటీలకు దూరంగా ఉంచుతారు. ఛాతీలో నొప్పి, పరిగెత్తుతుండగా కళ్లు తిరగడం, స్పృహ తప్పడం, కూర్చున్నా తగ్గని దడ, వీటికి నోటుబుక్కు సరిపోదు. డాక్టరు చూడాలి, ఈసీజీ తీయాలి. భయాన్ని విని, పరీక్షించి, ఆ తర్వాత అది అబద్ధమని తేలితేనే దాటమంటాను.

జబ్బు నుంచి లేచి ఆటకు తిరిగొచ్చిన మన బ్యాడ్మింటన్ ఆటగాడు కిదాంబి శ్రీకాంత్ కథ చాలామందికి తెలిసే ఉంటుంది. 2014 జూలైలో హైదరాబాదులో గోపీచంద్ అకాడమీ బాత్‌రూంలో స్పృహ తప్పి పడిపోయాడు. మెదడు పొరలకు వచ్చే మెనింజైటిస్ అని తేలింది, ఐసీయూలో పెట్టారు. నవంబరు 16న చైనాలోని ఫుజౌలో, చైనా ఓపెన్ ఫైనల్లో లిన్ డాన్‌ను 21-19, 21-17తో ఓడించాడు. అప్పటికే రెండు ఒలింపిక్ స్వర్ణాలు, ఐదు ప్రపంచ టైటిళ్లు ఉన్న లిన్ డాన్‌ను, అతని దేశంలోనే. ఆ వార్త రాసినవాళ్లందరూ ఐసీయూ నుంచి ఒక్క గెంతులో ఫుజౌకి వచ్చేస్తారు. నాకు ఆ మధ్యలోని నాలుగు నెలల మీదే మనసు. జూలై నెలాఖరులో మొదలైన గ్లాస్గో కామన్వెల్త్ క్రీడలకు శ్రీకాంత్ వెళ్లాడు. క్వార్టర్ ఫైనల్లో సింగపూర్ ఆటగాడు డెరెక్ వాంగ్ చేతిలో ఓడాడు. ఆ ఓటమిని ఎవరూ గొప్పగా చెప్పుకోరు. ఆసుపత్రి మంచం దిగి నెలైనా గడవకుండానే కోర్టులో నిలబడి, ఓడి, మళ్లీ మర్నాటి ప్రాక్టీసుకు సంచి సర్దుకోవడం ఎంత కష్టమో జబ్బు పడి లేచిన ఏ ఆటగాడినైనా అడగండి.

అదే గ్లాస్గోలో అదే డెరెక్ వాంగ్‌ను ఫైనల్లో ఓడించి స్వర్ణం తెచ్చింది పారుపల్లి కశ్యప్. కశ్యప్‌కు ఆస్తమా. తగ్గి వెళ్లిపోయే జబ్బు కాదది, వెంటే ఉండేది. ఆ మనిషి 21-14, 11-21, 21-19తో మూడు గేమ్‌లు నిలిచి గెలిచాడు. ఇన్‌హేలర్ వాడితే డోపింగ్‌లో దొరికిపోతామని దాచిపెట్టి మానేసే పిల్లలున్నారు, వాళ్ల కోసం ఒక మాట: పీల్చే సాల్బుటమాల్‌కు ప్రపంచ యాంటీ డోపింగ్ నిబంధనల్లోనే 24 గంటలకు 1600 మైక్రోగ్రాముల దాకా, ఏ ఎనిమిది గంటల్లోనూ 600 దాటకుండా, అనుమతి ఉంది. మామూలు ఇన్‌హేలర్ ఒక పీల్పుకు వంద మైక్రోగ్రాములు. ఆ హద్దు దాటకుండా డాక్టరు చెప్పిన మోతాదు వాడుకోవచ్చు.

భయం మనిషిని ఆపేయడమే కాదు, కొన్నిసార్లు తరుముతుంది కూడా. హైదరాబాదీ క్రికెటర్ తిలక్ వర్మ 2025లో ఒక ఇంటర్వ్యూలో బయటపెట్టిన సంగతి వినే ఉంటారు. 2022లో మొదటి ఐపీఎల్ ఆడాక, అందరికన్నా ఫిట్‌గా ఉండాలన్న పట్టుదలతో విశ్రాంతి రోజుల్లోనూ జిమ్‌లోనే గడిపాడు. బంగ్లాదేశ్‌లో ఇండియా ఎ జట్టుకు ఆడుతుండగా వేళ్లు బిగుసుకుపోయాయి, గ్లవ్స్ కోసి తీయాల్సి వచ్చింది. కండరాలు కరిగి రక్తంలో కలిసే రాబ్డోమయోలిసిస్ అది. ఇంకొన్ని గంటలు ఆలస్యమైతే ప్రాణానికే ముప్పని డాక్టర్లు చెప్పారట. ఆ కుర్రాడే 2025 సెప్టెంబరు 28న దుబాయిలో ఆసియా కప్ ఫైనల్లో పాకిస్తాన్ మీద 69 పరుగులతో అజేయంగా నిలిచాడు. ఆ ఇన్నింగ్స్ ఎంత గొప్పదో, తన జబ్బు గురించి దాచకుండా చెప్పడం నా లెక్కలో అంతకన్నా గొప్పది. మా పిల్లలకు ఆ సంగతే ఎక్కువగా చెబుతాను.

నేను ఎరిగిన కోచ్‌ల్లో కొందరికి మనోధైర్యం అంటే మొండితనం. వాంతి చేసుకునేదాకా పరిగెత్తించడం, "ఏడుపు ఆపు" అనడం. జబ్బు నుంచి లేచిన పిల్లల దగ్గర ఈ పద్ధతి నేరంతో సమానమని నా అభిప్రాయం. జ్వరం దిగిన రోజు బూట్లు విప్పి ఇంటికి వెళ్లడానికి ఆ పదో తరగతి పిల్లకు ఎంత గుండె నిబ్బరం కావాలి! జట్టులో చోటు పోతుందని తెలిసీ వెళ్లింది. మలుపు దగ్గర కూర్చుండిపోయిన మర్నాడు, అందరూ చూశారని తెలిసీ మళ్లీ వచ్చింది. నాకు ధైర్యమంటే ఆ రెండు రోజులు.

మా ఊళ్లో శివుడు కాళితో నాట్యంలో పోటీపడి, కాలు తలపైకెత్తి గెలిచాడంటారు. మా గుడిలో నటరాజు నాట్యసభ, రత్నసభ, వెలిసింది అందుకే. అయినా ఓడిన కాళికి ముందు దండం పెట్టాకే స్వామి దగ్గరికి వెళ్లాలన్నది ఇక్కడి ఆచారం. చక్కెర మిల్లుకు పోయే చెరకు ట్రాక్టర్ల దుమ్ములో పొద్దున్నే పరిగెత్తే మా పిల్లలకు ఈ ఆచారం నేను కావాలనే గుర్తుచేస్తుంటాను.

ఆ అమ్మాయి ఆ ఏడాది పోటీలకు పోలేదు. వాళ్లమ్మ మాత్రం ఇప్పుడు పొద్దున మైదానానికి తోడుగా వస్తోంది, నోటుబుక్కులో నాడి అంకె ఆమే రాస్తుంది.

వ్యాయామ ఉపాధ్యాయులకూ, తల్లిదండ్రులకూ నా మనవి ఒకటే. ఈ వానల్లో మీ బడిలోనూ ఎవరో ఒక బిడ్డకు జ్వరం వస్తుంది. ఆ పేరు జట్టు జాబితాలోంచి కొట్టేయకండి. మైదానానికి రమ్మనండి, గట్టు మీద కూర్చోబెట్టి స్టాప్‌వాచ్ చేతికివ్వండి. భయంగా ఉందంటే కసరకుండా ఎంత భయమో అడిగి రాసుకోండి. డాక్టరు సరేనన్న రోజు పక్కన మీరూ నడవండి. పతకాల సంగతి తర్వాత చూసుకోవచ్చు.