తోకలో ఉన్న పనితనం

దౌల్తాబాద్‌లో ఏ ఇంట్లోనైనా పొద్దున వినబడే మాట: ‘బువ్వంత తినెయ్ రా, బస్సు పోతది.’ అమ్మ ‘తిను’ అని ఊరుకోలేదు, ‘తినెయ్’ అంది. గిన్నెలో మెతుకు మిగలొద్దని. ఆ ‘ఎయ్’లో వేసేదేమీ లేదు, పనిని చివరిదాకా తీసుకుపోవడమే దాని పని. అదే పిల్లవాడు బడిలో ‘ఈట్ అప్’ కనబడితే ‘పైకి తినుడేంది సార్?’ అంటాడు. జవాబు పొద్దున్నే వాళ్లమ్మ నోట విని వచ్చాడని వాడికి తెలియదు.

ఈ ‘ఈట్ అప్’ లాగా ఇంగ్లిషులో చిన్న క్రియకు అప్, ఆఫ్, ఔట్ లాంటి తోక తగిలిస్తే పుట్టేదే ఫ్రేజల్ వెర్బ్. 1755లో శామ్యూల్ జాన్సన్ తన నిఘంటువు ముందుమాటలోనే, పరాయివాళ్లను అన్నిటికన్నా ఎక్కువ ఇబ్బంది పెట్టేవి ఈ జతలేనని రాశాడు. 1925లో లోగన్ పియర్సల్ స్మిత్ తన పుస్తకంలో ఫ్రేజల్ వెర్బ్ అన్న పేరు వాడి, ఆ పేరు సూచించింది హెన్రీ బ్రాడ్లీ అని చెప్పాడు.

పనితనం చూడాలంటే రెండు వాక్యాలు చాలు. ‘హి ర్యాన్ అప్ ద హిల్’: గుట్ట మీదికి ఉరికాడు. ‘హి ర్యాన్ అప్ ద బిల్’: బిల్లు పెంచుకుంటూ పోయాడు, మన మాటలో చెప్పాలంటే ఆ అప్ నిజంగానే అప్పు. చూపుకు తేడా ఒక్క అక్షరమే. గుట్ట పేరు, బిల్లు పేరు తీసి ‘ఇట్’ పెట్టి చూడండి. గుట్టయితే ‘ర్యాన్ అప్ ఇట్’, బిల్లయితే ‘ర్యాన్ ఇట్ అప్’. మొదటి వాక్యంలో అప్ గుట్టకు చెందింది, దాన్ని వదలదు. రెండోదానిలో క్రియకు చెందింది, అందుకే ‘ఇట్’కు దారిచ్చి చివరికి జరిగింది.

ఆ జరగడానికీ లెక్కుంది. ‘టర్న్ ఆఫ్ ద లైట్’, ‘టర్న్ ద లైట్ ఆఫ్’ రెండూ చెల్లుతాయి. లైటు పోయి ‘ఇట్’ వస్తే మాత్రం ‘టర్న్ ఇట్ ఆఫ్’ ఒక్కటే. ఇంగ్లిషు వాక్యం సాధారణంగా కొత్త సంగతిని చివర నిలబెడుతుంది. ‘ఇట్’ అప్పటికే తెలిసిన సంగతి, తేలిక మాట. దాన్ని మధ్యలో ఇరికించి, బరువంతా ‘ఆఫ్’ మీద వేసి పలుకుతారు. మన ‘ఆపెయ్’లో ‘ఎయ్’ అలా క్రియను విడిచి పోలేదు.

ఇంకో నగిషీ. మనం ఇల్లయినా కాగితమైనా ‘కాలిపోయింది’ అంటాం. ఇంగ్లిషులో ఇల్లు ‘బర్న్‌డ్ డౌన్’, కాగితాలు ‘బర్న్‌డ్ అప్’. ఇల్లు నేలకూలింది, కాగితం ఆనవాలు లేకుండా పోయింది. ఒకే మంటకు రెండు దిక్కులు. మనం ‘పో’ అనే నడకతో ముగింపు చెబితే, వాళ్లు కింద, పైన అనే దిక్కులతో చెప్పారు. కదలికకు చెందిన మాటలనే రెండు భాషలూ అరువు తెచ్చుకుని పని ముగిసిందని చెప్పడానికి వాడుకున్నాయి.

ఈ జతలు పేర్లుగా మారి మన ఊళ్లకూ వచ్చేశాయి. బండికి ‘పికప్’ లేదంటాం, దవాఖానలో ‘చెకప్’ చేయించుకుంటాం, ఊరి చివర పొలం ‘లేఔట్’ అవుతుంది. పేరుగా మారినప్పుడు ఊనిక కూడా మారుతుంది: పేరులో ‘చెక్’ మీద, క్రియలో ‘అప్’ మీద. ‘టర్న్ ఆన్’ వచ్చేసరికి మనవాళ్లు ఇంకా పొదుపు చూపించారు. టర్న్‌ను గట్టు మీదే వదిలి, తోకను ఉంచుకుని, దానికి మన క్రియ కట్టారు: ‘మోటరు ఆన్ చెయ్’. అర్థమంతా తోకలోనే ఉందని వ్యాకరణం చదవకుండానే రైతు కనిపెట్టాడు. సార్ కూడా పాఠం అక్కడి నుంచే మొదలుపెట్టొచ్చు, పైకి తినడం సంగతి తర్వాత చూసుకోవచ్చు.